కొంచెం ఆయాసం

గడపదాటుకు పన్నెండు రోజులు

ఇంటికి వచ్చిన నీళ్లు తొమ్మిది లీటర్లు. ఎనిమిదిన్నర వాడాం. మిగిలిన అర లీటరు గోంగూర మొక్కలకు పోశాను. తరళ స్నానానికి ఒక చెంబు ఎక్కువ వాడింది. ఎందుకని అడిగితే "జుట్టు పెరిగింది కదా నానమ్మా" అంది. కత్తిరించుకోమన్నాను.

ఈసారి గడప దాటే పిల్లలు ఐదుగురు. మా తరళ అందులో ఒకతె. పదేళ్లు నిండాయి కాబట్టి సూటు వేసుకుని, రెండు తలుపుల గదిలోంచి మా ఊరు నెమలిగుట్ట బయటికి వెళ్లి, నేల మీద కాలు పెట్టి వస్తుంది. గడపకు పసుపు రాసే పని వంటశాల మస్తానమ్మ అప్పుడే తన పేర రాయించుకుంది. గడప అవతల గాలి ఉండదు. సూటు ఉంటుంది. సూటును నడిపేది ప్రోగ్రాం. ప్రోగ్రాం సరిగ్గా ఉందో లేదో పరీక్షించి సంతకం పెట్టేది నేను. పసుపు తరవాత సంగతి.

ఇంతకాలం ప్రోగ్రామూ, దాన్ని పరీక్షించే డేటా రెండూ భూమి నుంచే వచ్చేవి. ఓడలు ఆగిపోయి నాలుగేళ్లయింది. పిల్లల పాత సూట్లు అరిగిపోయాయి, మిగిలినవన్నీ పెద్దవాళ్ల కొలతలవి. అందుకని ఈసారి పిల్లల సూట్లు ఇక్కడే కుట్టారు, ప్రోగ్రాం కూడా ఇక్కడే రాశారు. రాసింది వర్క్‌షాపు దివాకరం. తెలివైనవాడే, కానీ తొందర ఎక్కువ.

పరీక్ష చిన్నదే. ఖాళీ సూటును బల్ల మీద పడుకోబెట్టి, లోపల ఫలానా మనిషి ఉన్నట్టుగా దానికి అంకెలు ఇస్తాం. ఊపిరి, నాడి, ఒంటి వేడి. అప్పుడు సూటు ఏం చేస్తుందో చూస్తాం. తరవాత ఇంకొక మనిషి అంకెలు ఇస్తాం. పరీక్ష ఎప్పుడూ అదే, అంకెలు మాత్రం మారతాయి. లెక్కల పంతులమ్మగా చేసినదాన్ని, ఒక్క లెక్కకు సరిపోయిన సూత్రాన్ని నేనెప్పుడూ నమ్మలేదు.

భూమి మనుషుల డేటా ఇక పనికిరాదు. ఇక్కడ పుట్టినవాళ్ల ఎముకలు సన్నం, నాడి నిదానం. కనుక ఊరందరికీ కబురు పెట్టాను. మనిషికి నాలుగు వరసల అంకెలు ఇవ్వాలి: మామూలుగా ఉన్నప్పుడు, పనిలో ఉన్నప్పుడు, నిద్రలో, ప్రమాదంలో. తెలియనివాళ్లు ఆరోగ్య గదిలో మా కోడలు హైమను అడిగి రాయాలి.

గడపదాటుకు పది రోజులు

మా వంతు రావడంతో ఉదయం సోలార్ అద్దాల మీద దుమ్ము తుడిపించాను. కరెంటు కొంచెం పెరిగింది.

మూడు వందల పన్నెండు మంది, మనిషికి నాలుగు వరసలు. పొద్దుటి నుంచి పరీక్ష నడుస్తూనే ఉంది. మధ్యాహ్నానికి అన్నీ పాస్. దివాకరం పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"మామ్మగారూ, ఒక్కటంటే ఒక్కటి ఫెయిల్ కాలేదు!"

"అదే నాకు నచ్చలేదు" అన్నాను.

"పాసైతే కూడా తిడతారేంటండీ?"

క్లాసు మొత్తానికి నూటికి నూరు వస్తే నేను ముందు పిల్లలను మెచ్చుకోను, ప్రశ్నపత్రం చూస్తాను. అందుకే వరసలు తెరిచి చదివాను. మామూలు వరసలు బాగున్నాయి. పని వరసలు బాగున్నాయి. నిద్ర వరసలు ఎంత శ్రద్ధగా ఇచ్చారంటే, కొందరు మధ్యాహ్నం కునుకు కూడా వేరుగా రాశారు. ప్రమాదం వరసల దగ్గరికి వచ్చాను. మస్తానమ్మ: కొంచెం ఆయాసం. మంచుగనిలో పనిచేసే మా అబ్బాయి: కొంచెం ఆయాసం. వాడి షిఫ్టులో వాళ్లంతా అదే, ఒకరిది చూసి ఒకరు రాసినట్టు. ప్రోగ్రాం రాసిన దివాకరం: కొంచెం దాహం.

"ఇదేనా నీకు ప్రమాదం?" అని అడిగాను.

తల గోక్కున్నాడు. "మా ఆవిడ పక్కనే నిలబడిందండీ."

వంటశాలకు వెళ్లాను. మస్తానమ్మ పప్పు తిప్పుతోంది.

"ఏం మస్తానమ్మా, గాలి గొట్టం తెగితే నీకు వచ్చేది ఆయాసమేనా?"

"మరేం రాయమంటారు అక్కయ్యగారూ? నా చేత్తో నేనే నా పేరు పక్కన ఊపిరాగిపోయిందని రాసుకోనా? పైగా ఆ సూటు గొంతెత్తి పైకి చదువుద్దంట! సందెవేళ దగ్గరపడతంది. తథాస్తు దేవతలు తిరుగుతుంటారు."

"సందెవేళకు ఇంకా వారం ఉంది."

"వస్తే మూడు రోజులుంటదిగా మనకి. భూమ్మీదైతే అరగంట నోరు కట్టుకుంటే సరిపోయేది."

"బయట గాలే లేదు. దేవతలు ఎట్లా తిరుగుతారు?"

"వాళ్ల సూట్లు వాళ్లకుంటయ్ లెండి. దివాకరం రాసినవి కాదు."

వంటవాళ్లంతా నవ్వారు. నేను నవ్వలేదు. మూడు వందల పన్నెండు మందిలో ఒక్కరు కూడా తమ పేరు పక్కన ఒక చెడ్డ అంకె రాయలేదు. సూటుకు మనం నిజమైన ప్రమాదం ఒక్కసారి కూడా చూపించలేదు.

గడపదాటుకు ఎనిమిది రోజులు

లేని మనిషి పేరు ఒకటి పెట్టి ఆ చెడ్డ అంకెలు ఇద్దామన్నాను. కుదరదన్నాడు దివాకరం. ఒకరి సూటు ఇంకొకరు వేసుకోకుండా, పేరూ ఒంటి కొలతలూ ఆరోగ్య గది రికార్డుతో కలిస్తేనే సూటు మేలుకుంటుంది. ఒకరి కొలతలకు ఇంకొకరి పేరు పెట్టినా మేలుకోదు. ఆ తాళం తీసేయమంటే, తీసేస్తే మనం పరీక్షించేది వేరే ప్రోగ్రాం అవుతుందన్నాడు. ఆ మాట సరైనదే. ఒప్పుకున్నాను.

అయితే నా పేరే పెట్టమన్నాను. వర్ధనమ్మ, డెబ్బై ఒకటి, పుట్టింది భూమి మీద. ఊపిరి పద్దెనిమిది, ఆ వెంటనే సున్నా.

సూటు గట్టిగా చెప్పింది: "వర్ధనమ్మ: ఊపిరి ఆగింది. పూర్తి గాలి ఇస్తున్నాను. పక్కవాళ్లను పిలుస్తున్నాను."

పాస్. వర్క్‌షాపులో ఎవరి చేతిలోదో పనిముట్టు కిందపడింది. మస్తానమ్మకు ఎవరు చెప్పారో, గుప్పిట్లో ఉప్పు, మిరపకాయలతో వచ్చి అందరి ముందూ నాకు దిష్టి తీసింది. ఇక్కడ నిప్పు నిషేధం, మిరపకాయలు కాల్చడానికి లేదు. చేసేది లేక మళ్లీ డబ్బాలో వేసుకుంది. సాయంత్రం పప్పులో అవే వచ్చాయి. తిన్నాను.

గడపదాటుకు ఆరు రోజులు

నాకేమీ కాలేదని చూశాక పెద్దవాళ్లు నలభై మంది దాకా తమ పేర్లు ఇచ్చారు. అందరూ నాలాగే ఊపిరి సున్నా రాశారు. అన్నీ పాస్. దివాకరం మొహం వెలిగిపోయింది.

ఇప్పుడు పిల్లలు. కొత్త సూట్లు వేసుకునేది వాళ్లే. ఇంటి పెద్ద ఎవరైనా వేలిముద్ర వేస్తే పిల్లల రికార్డు తెరుచుకుంటుంది. నాలుగిళ్లకు తిరిగాను. టీ ఇచ్చారు, వేలు ఇవ్వలేదు. చివరికి మా ఇంట్లో అడిగాను. హైమ గోంగూర ఒలుస్తోంది.

"మీ పేరు మీద మీ ఇష్టం అత్తయ్యగారూ. నా కూతురి పేరు మీద మాత్రం వద్దు."

"నువ్వు ఆరోగ్య గదిలో పనిచేస్తావు. నువ్వు కూడానా?"

"అక్కడ పనిచేస్తున్నాను కాబట్టే. ఆ అంకెలు నాకు అంకెల్లాగా కనపడవు."

"రాయకపోతే రాకుండా ఉంటుందా?"

"రాస్తే వస్తుందని నేనూ అనట్లేదు. నాకు చదువు లేదా ఏంటి? అయినా వద్దు."

కాడలు ఒక పక్క, ఆకులు ఒక పక్క పెట్టుకుంటూ పోయింది. మంచుగనిలో ఉన్న మా అబ్బాయిని రేడియోలో అడిగితే "మీరిద్దరూ ఏదంటే అదే" అన్నాడు. వాడు చిన్నప్పటి నుంచీ అంతే.

గడపదాటుకు ఐదు రోజులు

ఇంటి పెద్దను నేనే. నా వేలు చాలు. ఉదయం టిఫిను అవగానే వర్క్‌షాపుకు వెళ్లి తరళ రికార్డు తెరిచాను. ఎత్తు, బరువు, మోకాలి మీద పాత దెబ్బ, అన్నీ వచ్చాయి. ఊపిరి అని ఉన్నచోట రాయాలి. మిగతా ఊరందరినీ వెక్కిరించినదాన్ని. సున్నా అనేది ఒక అంకె. నా జీవితంలో ఎన్ని వేల సున్నాలు రాశానో లెక్కలేదు.

రాయలేకపోయాను.

రాసింది ఇది: ఊపిరి కొంచెం ఎక్కువ, నాడి కొంచెం ఎక్కువ. సూటు చదివింది: "తరళ: కొంచెం ఆయాసం. నెమ్మదిగా నడవమని చెబుతున్నాను." పాస్ అని పడింది. మిగతా నలుగురి తల్లిదండ్రులు మొదటి విడతలో రాసింది కూడా అదే.

దివాకరం సంతకం కోసం పలక ముందు పెట్టాడు. రేపు పెడతానన్నాను.

నీళ్లు: తొమ్మిదికి తొమ్మిదీ అయిపోయాయి. ఎవరు ఎక్కువ వాడారో అడగలేదు.

గడపదాటుకు నాలుగు రోజులు

భోజనాల దగ్గర తరళ మొదలుపెట్టింది. పరీక్ష ఫలితాలు బడి తెర మీద కూడా కనిపిస్తాయని నాకు గుర్తులేదు.

"నానమ్మా, నా ప్రమాదం వరసలో కూడా కొంచెం ఆయాసమేనంట. మరి మస్తానమ్మ మామ్మను తిట్టావెందుకు?"

హైమ గరిటె ఆగింది. "మీరు రాశారా?"

"రాశాను."

"నేను వద్దన్నాక?"

"వద్దన్నాకే. కానీ రాయవలసింది రాయలేదు. అందరూ రాసిందే రాశాను."

కోప్పడుతుందనుకున్నాను. నా మొహంకేసి చూసింది.

"మీక్కూడా చెయ్యి రాలేదన్నమాట."

"రాలేదు."

తరళ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "సూటుకి చెప్పకపోతే దానికెలా తెలుస్తుందమ్మా? అదేమన్నా నాతో బళ్లో చదివిందా?"

హైమ పళ్లెం పక్కకు జరిపింది. "ఇంకో మాట అత్తయ్యగారూ. మీ వరస కూడా తప్పే. ఎదురు చెప్పినట్టుంటుందని ఊరుకున్నాను. ఊపిరి పద్దెనిమిది నుంచి సున్నాకి దూకదు. గాలి కొంచెం కొంచెంగా కారిపోతే మెల్లగా జారుతుంది. నేను చూశాను."

నలభై మంది నా వరస చూసి రాసినవాళ్లే. నేను తప్పు లెక్క చేసి, దాన్ని నలభై మంది చేత కాపీ కొట్టించాను.

ముగ్గురం వర్క్‌షాపుకు వెళ్లాం. వేలిముద్ర హైమే వేసింది. అంకెలు తనే కొట్టింది, ఆరోగ్య గదిలో రాసే వేగంతోనే. ఇరవై రెండు. పదహారు. పదకొండు. ఏడు. నాలుగు. ఆఖరి అంకె దగ్గర తరళ చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో సున్నా కొట్టింది.

సూటు ఏమీ అరవలేదు. హెల్మెట్ లోపలి దీపం తగ్గింది. ఆ గొంతు మెత్తబడింది.

"తరళ నిద్రపోతోంది. గాలి తగ్గిస్తున్నాను."

ఆ తరవాత చిన్నగా జోల మొదలైంది. మంచుగని దాకా బండిలో వెళ్లేవాళ్లు దారిలో పడుకుంటారని దివాకరం ముచ్చటపడి పెట్టిన జోల. ఖాళీ సూటు బల్ల మీద పడుకుని పాడుతూనే ఉంది.

"నేను నిద్రపోవట్లా" అంది తరళ, సూటుతో.

హైమ పిల్ల తలను పొట్టకు అదుముకుంది. దివాకరం వచ్చి ఆపేదాకా మీట నొక్కాలని కూడా నాకు తోచలేదు. ఆపి అతను స్టూలు మీద కూలబడ్డాడు. ఈ ప్రోగ్రామును అతను మనుషులిచ్చిన వరసల మీదే సరిదిద్దుకుంటూ వచ్చాడు. ఊపిరి మెల్లగా జారడమంటే నిద్ర అని దానికి మూడు వందల పన్నెండు మంది నేర్పారు. ఇంకొకటి కూడా కావచ్చని ఎవరూ నేర్పలేదు.

"నాలుగు రోజుల్లో వాళ్లను బయటికి పంపేవాణ్ణి మామ్మగారూ" అన్నాడు.

"పంపేవాళ్లం" అన్నాను. నిన్న నేను సంతకం పెట్టకపోవడం కూడా తెలివి కాదు, సిగ్గు.

గడపదాటుకు మూడు రోజులు

కబురు నేను పెట్టలేదు. తరళ బళ్లో చెప్పింది. తొమ్మిది గంటలకల్లా వర్క్‌షాపు ముందు మనుషులు నిలబడ్డారు. ముందు మిగతా నలుగురి తల్లిదండ్రులు, వాళ్ల వెనక ఊరు. హైమ కుర్చీ వేసుకుని కూర్చుని, ఒక్కొక్కరికీ వాళ్ల వయసుకు, ఒంటికి తగ్గట్టు ఊపిరి ఎలా జారుతుందో చూసి అంకెలు చెప్పింది. సూటు ఒకరి తరవాత ఒకరికి జోల పాడింది. నాకూ పాడింది.

సందెవేళ మొదలైంది. కిటికీ అద్దంలోంచి చూస్తే గుట్టల నీడలు గడప దాకా సాగి ఉన్నాయి. మస్తానమ్మ వరసలో చిట్టచివర నిలబడి, తన వంతు వచ్చేసరికి కళ్లు గట్టిగా మూసుకుంది.

"కానీ అమ్మా హైమా. ఎంత రాయాలో అంతా రాయి. వింటే విననీ వాళ్లను."

గడపదాటుకు ఒక రోజు

దివాకరం ప్రోగ్రాం మార్చాడు. నిద్రపోతున్నారని అనుమానం రాగానే సూటు ముందు పేరు పెట్టి పిలవాలి. పలికితే నిద్ర. పలకకపోతే పూర్తి గాలి ఇచ్చి, పక్కవాళ్లను పిలవాలి. మళ్లీ మొదటి నుంచి పరీక్ష పెట్టాను. అదే పరీక్ష, అందరి వరసలూ, ఈసారి హైమ చెప్పిన దానితో కలిపి మనిషికి ఐదు.

ఒకటి ఫెయిల్. ఐదుగురిలో చిన్నవాడు యశోధరుడిది. వాడి నాడి మరీ నిదానం. సూటు పిలవడానికి ఆలస్యం చేసింది.

"ఒక్క వరసే కదా మామ్మగారూ" అన్నాడు దివాకరం. "వాడొక్కణ్ణి ఆపి, మిగతా నలుగురినీ పంపిద్దాం. రేపు పొద్దు కుంకితే మళ్లీ రెండు వారాలు చీకటే."

"ప్రోగ్రాం ఐదుగురికీ ఒకటే. వాడికి తప్పయిందంటే అందులో తప్పుందన్నమాట. ఇవాళ వాడి వరసలో కనపడింది, అంతే."

సంతకం పెట్టలేదు. గడపదాటు తెల్లవారేదాకా వాయిదా. తరళ సాయంత్రం నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం తిన్నది. మస్తానమ్మ నానబెట్టిన పసుపు ఆరిపోతుందని ఊరంతా వినేలా గొణిగింది.

నీళ్లు: ఎనిమిది లీటర్లే ఖర్చయ్యాయి. తరళ అలిగి స్నానం మానేసింది.

తెల్లవారిన రోజు

చీకటి రోజులన్నీ పరీక్షలకే సరిపోయాయి. యశోధరుడి వరస మొదటివారంలోనే పాసైంది, కానీ ఆ మార్పుతో ఇద్దరు ముసలివాళ్ల నిద్ర వరసలు ఫెయిలయ్యాయి. వాళ్లను కునుకు తీయనివ్వకుండా సూటు పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. అది సరిచేసి, మళ్లీ మొదటి నుంచి పెట్టాం. నిన్నటితో అన్నీ పాస్. సంతకం పెట్టాను.

ఇవాళ గడప దగ్గర కొత్తగా ఒకటి జరిగింది. ఎవరు అనుకున్నారో తెలియదు. పిల్ల గడప మీద నిలబడగానే తల్లి, ఆ పిల్ల ఆఖరి వరసను సూటు చేత అందరి ముందూ చదివించింది. "తరళ పలకడం లేదు. పూర్తి గాలి ఇస్తున్నాను. పక్కవాళ్లను పిలుస్తున్నాను. తలుపు తీయండి." హైమ చివరిదాకా విని తల ఊపింది. మస్తానమ్మ పసుపు చేతులతోనే దణ్ణం పెట్టుకుంది, ఎవరికో నేను అడగలేదు. అప్పుడు తలుపు మూశారు.

అద్దంలోంచి చూశాను. అవతలి తలుపు తెరుచుకుంది. తరళ ఒక కాలు దుమ్ములో పెట్టింది, తీసి ఆ గుర్తు చూసుకుంది, మళ్లీ పెట్టింది. తరవాత నడవమంటే ఎగిరింది. పదడుగుల హద్దు రాయి దాకా ఎగురుకుంటూనే వెళ్లి, వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది.

స్పీకరులో సూటు పలికింది.

"తరళ: కొంచెం ఆయాసం. నెమ్మదిగా నడవమని చెబుతున్నాను."

మస్తానమ్మ నా మోచేయి పట్టుకుంది. "చూశారా? ఆ రోజు మీరు రాసిందే! తథాస్తు అననే అన్నారు!"

హైమ నవ్వు ఆపుకోలేకపోయింది.

ఐదుగురు వెళ్లారు, ఐదుగురూ వచ్చారు. తరళ బూట్లకు అంటిన దుమ్ము కడగడానికి ఒక చెంబు నీళ్లు ఎక్కువ అడిగితే ఇచ్చాను. ఆయాసం వరసను డేటాలోంచి తీసేయాలా అని దివాకరం అడిగాడు. వద్దన్నాను. అది కూడా సరైన వరసే.